మల్లి మెట్లు దిగనన్న రోజు

తమిళనాడులోని మా ధర్మపురిలో ఇప్పుడు ఎటు చూసినా ఇళ్ళే లేస్తున్నాయి. పోయిన ఏడాది రాగి చేను ఉన్న చోట ఈ ఏడాది రంగు వేసిన హద్దురాళ్ళు ఉంటాయి. ఆ తర్వాత ఒక కమాను వస్తుంది. కమాను మీద ఏదో తోట పేరు ఇంగ్లీషులో రాసి ఉంటుంది. తోట మాత్రం కనబడదు, కమానుకి అడ్డమని దాన్ని కొట్టేసి ఉంటారు. ఇన్ని ఇళ్ళు లేస్తున్న ఊళ్ళో నలుగురు మనుషులకీ ఒక ఆవుకీ దాని దూడకీ చోటు దొరకలేదంటే వినేవాళ్ళు నవ్వుతారు. మేమూ కొన్నాళ్ళు నవ్వాం.

నలుగురంటే నేను, నా మొగుడు వసంతకుమార్, మా అత్త తిమ్మమ్మ, మా మూడేళ్ళ పాప మోనిషా. ఆవు పేరు మల్లి. దూడకి ఇంకా పేరు లేదు. ఉంటుందో పోతుందో తెలియనిదానికి పేరు పెట్టి మనసు పారేసుకోవడం ఎందుకని అత్త వద్దంది. నా మొగుడి ఉద్యోగాలకి కూడా ఆమె అలాగే పేరు పెట్టడం మానేసింది. మీవాడు ఏం చేస్తున్నాడని ఎవరైనా అడిగితే, "ఏదో చేస్తా ఉండాడు" అంటుంది.

ఏదో చేయడంలో మాత్రం ఆయన ఎన్నడూ వెనకబడలేదు. బి.ఇ. మెకానికల్ చదివాడు. హోసూరులో ఒక ఫ్యాక్టరీలో చేరాడు. వాళ్ళు నీలం చొక్కా ఇచ్చారు, ఎక్కించుకోవడానికి బస్సు పంపారు, పర్మనెంట్ అనే మాటని దేవుడి పేరులా రోజూ తలచుకోమన్నారు. ఒక పొద్దున గేటు దగ్గర కార్డు పెడితే పచ్చ దీపం వెలగలేదు. పనిలోనుంచి తీసేశామని చెప్పడానికి మనిషిని కూడా ఖర్చు పెట్టలేదు, ఆ దీపమే చెప్పింది. తర్వాత స్నేహితుడు ఆనంద్‌కుమార్‌తో కలిసి పెళ్ళిళ్ళలో డ్రోన్ ఎగరేశాడు. అది ఒక పెళ్ళిలో పెళ్ళికొడుకు మేనమామ తలపాగా ఎత్తుకుపోయి బావిలో పడింది. నాటుకోళ్ళు పెంచాడు. అవి ముందే మాట్లాడుకున్నట్టు ఒకే వారంలో అన్నీ పోయాయి. సర్కారు పరీక్షకి చదివాడు. పరీక్ష వాయిదా పడింది, కొత్త తేదీ కూడా వాయిదా పడింది.

ఆయన ఒక్కడి కథే అయితే ఏడ్చేదాన్ని. ఊళ్ళో ఆయన ఈడువాళ్ళందరిదీ ఇదే. సాయంత్రం బైపాసు పక్కన టీకొట్టు దగ్గర ఎండుపుల్లలు ఏరుకున్నట్టు ఇంజనీర్లని ఏరుకోవచ్చు. ఒకడి వీపున డెలివరీ సంచి, ఒకడి చంకలో ప్లాట్ల కాగితాలు. అందరి నోటా ఒకటే మాట, "ప్లాన్ ఉండాది మచ్చా." మచ్చా అంటే ఇక్కడ బావా అని.

నాకు ప్లాన్లు లేవు. పదో తరగతి సగంలో బడి మాన్పించారు కాబట్టి అంత దూరం ఆలోచించడం నేర్పలేదు. నాకున్నవి భయాలు. కడ్డీలు పెట్టని మేడమెట్లు, మూత వేయని బోరుగుంటలు, వెనక్కి వచ్చే కాంక్రీటు లారీలు, మోనిషా దగ్గు. ఊరు పెరిగేకొద్దీ నా భయాలకి మాత్రం ఉద్యోగాలు దొరుకుతూనే ఉన్నాయి.

ఇంట్లో నిలకడగా సంపాదించేది మల్లి ఒక్కతే. కొత్త ఇంట్లోకి మనుషుల కంటే ముందు ఆవూ దూడా అడుగు పెట్టాలి. ఆ ఆచారం మా తెలుగువాళ్ళలోనూ ఉంది, ఇక్కడి తమిళుల్లోనూ ఉంది. లోపలికి వెళ్ళిన ఆవు నడింట్లో పేడ వేసిందంటే ఇక ఆ ఇంటికి లోటు లేదంటారు. ఆచారం మిగిలింది కానీ ఆవులు మిగలలేదు. అవి మేసే బీళ్ళ మీదే కదా ఈ ఇళ్ళు లేచింది. ఉన్న కొద్ది జెర్సీ ఆవులు ఫోటోలో బాగుండవట. మూపురం ఉన్న నాటు ఆవు కావాలట. ఏడాది పొడుగునా ప్యాకెట్ పాలు తాగేవాళ్ళకి ఆ ఒక్క పొద్దున మూపురం లేకపోతే ముద్ద దిగదు. మా మల్లికి మూపురం ఉంది, తెల్లటి ఒళ్ళు ఉంది, ఎవరిల్లయినా మొహమాటపడకుండా నడింట్లో పని కానిచ్చే గుణం ఉంది.

మొదట పక్క వీధివాళ్ళు అడిగితే ఊరికే పంపాం. తర్వాత వాళ్ళ బంధువులు అడిగారు, ఆ తర్వాత ముక్కూ మొహం తెలియనివాళ్ళు అడిగారు. అప్పుడు నా మొగుడిలో ఇంజనీరు నిద్ర లేచాడు. మల్లికి ఫోన్‌లో ఒక పేజీ తెరిచాడు. ఆవు మాత్రమే అయితే ఒక రకం, దూడతో కలిపి అయితే ఇంకో రకం, కొమ్ములకి పసుపూ మెడలో గంటలూ అయితే ప్రీమియం. నేను నవ్వాను. కానీ ఇంట్లోకి ఉప్పూ పప్పూ వేళకి రావడం ఆ తర్వాతే మొదలైంది కాబట్టి నవ్వడం ఆపేశాను.

ఒక్కటే చిక్కు. మల్లికి తెలుగు తప్ప రాదు. మా వాళ్ళు ఈ నేల మీదికి వచ్చి వందల ఏళ్ళయింది. గడప దాటితే తమిళం, గడప లోపల తెలుగు. ఆవు గడప లోపలిది. తమిళంలో ఎంత ముద్దుగా పిలిచినా అది గోడ వైపు చూస్తుంది. "దా మల్లీ, దా తల్లీ" అని నేను అంటేనే కాలు కదుపుతుంది. నా మొగుడు తెలుగులోనే పిలిచినా కదలదు. ఆయన గొంతులో ఆయనకే నమ్మకం లేదని అత్త అంటుంది. అందుకని ప్రతి గృహప్రవేశానికీ నేను ఉండాలి. నేను వెళ్తే చంకలో మోనిషా ఉండాలి. మేమంతా వెళ్తే, పొంగలీ వడా వదులుకోవడం ఇష్టంలేక అత్త కూడా ఉండాలి. ఊళ్ళో ఇన్ని కొత్త ఇళ్ళు లోపలినుంచి చూసిన కుటుంబం మాది ఒక్కటే అనుకుంటాను.

ఇంతలో మేముండే ఇల్లు పోయింది. ఇల్లంటే వరసగా కట్టిన రేకుల గదుల్లో ఒకటి, వెనక మల్లికి ఒక చుట్టుగుడిసె. యజమాని సెంగోడన్ ఆ స్థలమంతా లేఅవుటు వాళ్ళకి అమ్మేశాడు. నెలాఖరుకి ఖాళీ చేయమని చెప్పడానికి వచ్చినవాడు, మాకు మంచే జరుగుతుందని, ఈ వీధి మొహమే మారిపోతుందని సంతోషంగా చెప్పి వెళ్ళాడు. మారబోయే మొహాన్ని మేము ఎక్కడినుంచి చూడాలో చెప్పలేదు.

ఇళ్ళ కోసం తిరిగాం. ఎంతమంది అని అడిగేవారు, నలుగురం అంటే తల ఊపేవారు. మాంసం తింటారా అని అడిగేవారు, మీకెలా ఇష్టమైతే అలాగే అనేవాళ్ళం. ఆవు ఉందనగానే లోపల కుక్కర్ కూత వేసిందని లేచి వెళ్ళేవారు. చివరికి చెట్టికరై రోడ్డులో కలైసెల్వి అనే ఆవిడ రెండు గదులు ఇస్తానంది. ఆమెకి మూడు నియమాలు. గోడకి మేకు కొట్టకూడదు, మేడ మీద బట్టలు ఆరేయకూడదు, ఆవు రాకూడదు. మాట్లాడుతూ నేను గోడ వైపు చూశాను. అక్కడ పెద్ద చట్రంలో ఆ ఇంటి గృహప్రవేశం ఫోటో ఉంది. కలైసెల్వి, ఆమె భర్త, వాళ్ళ మధ్య పూలదండ వేసుకుని మా మల్లి. అది మా ఆవే అన్నాను. ఆమె ఫోటోకి దండం పెట్టుకుని, ఆవు సాక్షాత్తూ లక్ష్మి అని, అయితే వాసన వస్తుంది కదా అని అంది.

ఆ రాత్రి అన్నం తింటూ నా మొగుడు ఫోన్‌లోంచి తల ఎత్తకుండా, దళారి మాదేశ్వరన్‌తో మాట్లాడేశానన్నాడు. శుక్రవారం ఒక గృహప్రవేశం ఒప్పుకుని ఉన్నాం, అదే ఆఖరిది. అది కాగానే మల్లినీ దూడనీ మాదేశ్వరన్ వ్యానులో ఎక్కించేస్తాడు, కారిమంగళం సంతకి. సంతలో మంచి రైతు దొరుకుతాడన్నాడు. చేలన్నీ ప్లాట్లు అయిపోయిన ఊళ్ళో మంచి రైతు ఎక్కడినుంచి ఊడిపడతాడని నేను అడగలేదు. రైతు దొరకని ఆవులు సంత దాటి ఎక్కడికి పోతాయో కూడా ఇద్దరం అనలేదు. మోనిషా మల్లి పాలు తప్ప ఇంకేవి పోసినా కక్కుతుంది. కానీ మోనిషాకి పైకప్పు కూడా కావాలి. పాలా, కప్పా అని అడిగితే ఏ తల్లయినా ఏం చెబుతుంది? సరేనన్నాను. పొద్దున పాలు పితుకుతుంటే చేతులు మాత్రం సరే అనలేదు.

శుక్రవారం ఇల్లు బైపాసు పక్కన కొత్త అపార్టుమెంటులో, మూడో అంతస్తులో. కట్టించిన ఆయన పేరు సదాశివం. గోడలకి రంగు పడింది, పైన పేరు పడింది, లిఫ్టు మాత్రం ఇంకా రాలేదు. దాని గుంత మాత్రం ముందుగా వచ్చి కాచుకుని ఉంది. ఆ గుంతకి అడ్డంగా ఒక తాడు కట్టి భద్రత అన్నారు. నేను మోనిషా నడుముకి నా కొంగు ముడివేసుకున్నాను, అది నా భద్రత.

అక్కడ అమ్ముడైన ఇల్లు ఆ ఒక్కటే. కొన్నది మణివణ్ణన్, సుగన్య. ఇద్దరికీ నా వయసే ఉంటుంది. అతనికి బెంగళూరులో కంప్యూటరు ఉద్యోగం, ఇంట్లో కూర్చునే చేసుకోమన్నారట, అందుకే సొంత ఊళ్ళో ఇల్లు కొనుక్కున్నారు. సుగన్య మంచి పిల్లే, కానీ ఆ పొద్దున ఆమె ప్రాణమంతా టైల్సులో ఉంది. ఆవు పేడ వేయాలి, అది శుభం. అయితే కొంచెమే వేయాలి, పరిచిన ప్లాస్టిక్ పట్టా మీదే వేయాలి. మల్లితో చెబుతానన్నాను.

డెక్కలు జారకుండా నా మొగుడు పాత సైకిల్ ట్యూబు కోసి మల్లికి చెప్పుల్లా తొడిగాడు. దూడని భుజానికెత్తుకుని ముందు నడిచాడు. నేను పక్కన నడుస్తూ పిలుస్తుంటే మల్లి మూడు అంతస్తులూ కొత్త పెళ్ళికూతురులా ఎక్కింది. కుడికాలు పెట్టింది. నడింట్లో నిలబడింది. పట్టాకి జానెడు పక్కన, ధారాళంగా, శుభం చేసింది. అందరూ చప్పట్లు కొట్టారు. పాలు పొంగాయి. ఆవుతో ఫోటోలు దిగారు. మణివణ్ణన్ ఫోన్‌తో ఫోటో దిగుతుండగానే అందులో ఆఫీసునుంచి మెయిలు వచ్చిందట. అతని మొహంలో నవ్వు అలాగే ఉండిపోయి, దాని వెనక మనిషి వెళ్ళిపోయాడు.

ఇక దిగాలి. కింద మాదేశ్వరన్ వ్యాను తలుపు తెరిచి బీడీ ముట్టించాడు.

మల్లి మెట్ల దాకా వచ్చింది. కిందికి చూసింది. నాలుగు కాళ్ళూ బిగబట్టి నిలబడింది. ఎక్కేటప్పుడు ఎదురుగా మెట్టు కనబడుతుంది, దిగేటప్పుడు గొయ్యి కనబడుతుంది. ఆ సంగతి ఇన్నాళ్ళూ మాకు తట్టలేదు. ఇన్ని ఇళ్ళు తిరిగాం కానీ అన్నీ నేల మీది ఇళ్ళు, మహా అయితే రెండు మెట్లు. ఊరు పైకి పెరుగుతోందని సంబరపడ్డామే కానీ పైకెక్కిన ఆవు కిందికి ఎలా వస్తుందని ఎవరూ ఆలోచించలేదు. అత్త గోడకి చేరగిలబడి వడ తింటూ అంది:

"ఎక్కే ముందర దిగేది ఎట్లని అడగల్ల. నీకు హోసూర్లోనూ అదే బుద్ధి లేకపోయె."

నేను పిలిచాను. మల్లి తెలుగు మరిచిపోయింది. అరటిపళ్ళు చూపించాం, తినేసి అలాగే నిలబడింది. నా మొగుడు ఫోన్ చేస్తే టీకొట్టు ఇంజనీర్లంతా వచ్చారు. ఇంతమంది మేధావులు ఒక్క చోట చేరడం కాలేజీ విడిచాక ఇదే మొదటిసారేమో. ఒకడు ఫోన్‌ని అడిగాడు, ఫోన్ పశువైద్యుణ్ణి అడగమంది. ఒకడు క్రేను తెప్పిద్దామన్నాడు. ఒకడు ఫైరింజను వాళ్ళకి చెప్పబోతే సదాశివం పరిగెత్తుకొచ్చి, కట్టడానికి చెడ్డపేరు వస్తుంది నాయనా అని ఫోన్ లాక్కున్నాడు. ఆనంద్‌కుమార్ మాత్రం ఏ సలహా ఇవ్వలేదు. మల్లిని నాలుగు వైపులనుంచీ వీడియో తీస్తున్నాడు.

అప్పుడెవడికో గొప్ప ఆలోచన వచ్చింది. దూడని కిందికి తీసుకుపోతే తల్లి దానంతటదే దిగుతుందని. నా మొగుడు దూడని ఎత్తుకుని దిగిపోయాడు. కిందనుంచి అది అంబా అంది. మల్లి ఒళ్ళంతా వణికింది. ముందుకాలు ఒక మెట్టు కిందికి వేసింది, ట్యూబు జారింది, ఛాతీ గోడకి కొట్టుకుంది. మళ్ళీ కాలు వేయబోయింది. కింద పిల్ల ఏడుస్తుంటే తల్లి మెట్లు లెక్కపెట్టదని నాకు తెలుసు. దూకుతుంది. లిఫ్టు గుంత పక్కనే ఉంది, దానికి అడ్డం ఒక తాడు. కొంగు ముడి లాగేసి మోనిషాని అత్త ఒళ్ళో పడేసి మెట్ల మీదికి వంగి అరిచాను.

"మోని నాయనా, దూడను పైకి తే. ఇప్పుడే తే. లేకుంటే ఆవు ఉండదు."

ఆయన తెచ్చాడు. పొట్ట దగ్గరికి దూడ రాగానే మల్లి నాలుకతో దాని మొహం మొత్తం కడిగింది. నేను అత్త ఒళ్ళోంచి మోనిషాని తీసుకుని దాని నడుముకి మళ్ళీ కొంగు ముడివేసుకున్నాను.

ఎండ ఎక్కింది. బంధువులు భోజనాలు చేసి, ఆవు ఇంకా ఇంట్లోనే ఉంది కాబట్టి ఎలా వెళ్ళాలో తెలియక, తర్వాత ఎలాగో తెలుసుకుని వెళ్ళిపోయారు. మల్లి కొత్త హాలులో ఫ్యాను కింద నెమరు వేస్తూ ఇంకా రెండుసార్లు శుభం చేసింది. టైల్సు మీద ప్రాణం పెట్టుకున్న సుగన్య ఇప్పుడు ఆ టైల్సు మీదే కాళ్ళు చాపుకుని కూర్చుంది. నేను తుడుస్తానంటే వద్దంది. మోనిషాకి పొంగలి పెట్టమని ఆమే గిన్నె తెచ్చిచ్చింది. మా సంగతి అడిగింది, చెప్పాను. ఇల్లు, కలైసెల్వి నియమం, కింద కాచుకుని ఉన్న వ్యాను, అన్నీ. ఆమె మల్లి వైపు చూస్తూ తమిళంలో అంది:

"సోమవారంనుంచి అందరూ బెంగళూరు ఆఫీసుకి వచ్చి కూర్చోవాలట. రానివాళ్ళు రానక్కర్లేదట. ఈ ఇంట్లో మేము ఎన్ని రాత్రులు పడుకుంటామో తెలియదు అక్కా. మీ ఆవే నయం, దిగనంటే దిగనంది."

ఇంత పెద్ద చదువులకి కూడా నా భయాలే ఉన్నాయని తెలిస్తే ధైర్యం రావాలో, ఉన్నది కాస్తా పోవాలో అర్థం కాలేదు. మోనిషా నోట్లో ముద్ద పెట్టాను. సుగన్య కూడా ఒక ముద్ద తింది.

కిందనుంచి మాదేశ్వరన్ గంటకోసారి అరుస్తున్నాడు. ఆవుని రెండు తాళ్ళేసి ఈడ్చేద్దాం, కాలు విరిగితే విరిగింది, సంతలో దానికి వేరే గిరాకీ ఉంటుందన్నాడు. ఆ వేరే గిరాకీ మాట బయటికి వచ్చేసరికి నా మొగుడు ఫోన్ జేబులో పెట్టాడు. అలా పెట్టడం నేను చాలా రోజుల తర్వాత చూశాను.

మెట్ల దగ్గర కూర్చున్నాడు. జానలతో మెట్టు ఎత్తూ వెడల్పూ కొలిచాడు. పక్కనున్న బొగ్గుముక్క తీసుకుని, ఆ తెల్లటి కొత్త గోడ మీద గీతలు గీయడం మొదలుపెట్టాడు. సదాశివం గుండె పట్టుకున్నాడు. పైఅంతస్తులో పూతపని చేస్తున్న కూలీలు మా తెలుగువాళ్ళే. వాళ్ళ దగ్గర సెంట్రింగు పలకలు ఉన్నాయి, ఇసుక ఉంది, ఖాళీ సిమెంటు సంచులు ఉన్నాయి. సంచుల్లో ఇసుక నింపి మెట్ల మడతలన్నీ పూడ్చమన్నాడు. పైన పలకలు పరిపించాడు, పలకల మీద తడిపిన గోనె కట్టించాడు. లిఫ్టు గుంత వైపు పలకలు నిలబెట్టి దడి కట్టించాడు, గొయ్యి కనబడకుండా. వాలు ఎక్కువైందని తనే నడిచి చూసి, ఊడదీయించి మళ్ళీ పేర్పించాడు. టీకొట్టు ఇంజనీర్లు ఇసుక మూటలు మోశారు. అందరూ చెమటలు కక్కుతున్నారు, ఒక్కడు కూడా ప్లాన్ ఉండాది మచ్చా అనలేదు. నిజంగా ఉన్నప్పుడు ఆ మాట అవసరం లేదు కాబోలు.

మెట్లు పోయి వాలు వచ్చింది. ఆయన దూడని ఎత్తుకుని మల్లి మూతికి అందేలా, వెనక్కి వెనక్కి నడిచాడు. నేను పక్కన, మూపురం మీద చెయ్యి వేసి. "దా మల్లీ." గోనె మీద ఒక కాలు వేసింది. ఆగి వాసన చూసింది. రెండో కాలు వేసింది. ఒక వరస దిగాక అవే పలకలు, అవే మూటలు కింది వరసకి మోసుకుపోయారు. అలా వరస వరసకీ కట్టి, ఊడదీసి, కట్టి, మధ్యాహ్నం దాటిపోయాక మల్లి నేల మీద కాలు పెట్టింది. పెట్టగానే ఏమీ జరగనట్టు పక్కనున్న సిమెంటు సంచి నాకింది.

కిందికి వచ్చి చూస్తే వీధి నిండా జనం. ఆనంద్‌కుమార్ పొద్దున్నే వీడియో పెట్టేశాడట, "కొత్త ఇల్లు విడిచి రానన్న మహాలక్ష్మి" అని. మెట్లకి భయపడి నిలబడిందని ఒక్క ముక్క రాయలేదు. సేలంనుంచి కూడా ఎవరో ఫోన్ చేసి, లక్ష్మి ఆగిపోయిన ఆ కట్టడంలో ఇళ్ళు ఇంకా ఉన్నాయా అని అడిగారట. పొద్దున గుండె పట్టుకున్న సదాశివం ఇప్పుడు రెండు చేతులా మల్లికి దండం పెడుతున్నాడు. మాదేశ్వరన్ మల్లి మెడలో తాడు వేయబోతే సదాశివమే అతని చెయ్యి పట్టుకున్నాడు. ఇంత జనం ముందు ఆ ఆవుని వ్యాను ఎక్కిస్తే తన ఇళ్ళు ఎవరు కొంటారని అడిగాడు. మాదేశ్వరన్ మమ్మల్నీ మా ఇంజనీరింగునీ కలిపి ఒక తిట్టు తిట్టి, ఖాళీ వ్యాను తోలుకుని పోయాడు.

తర్వాత సదాశివం నా మొగుణ్ణి పక్కకి పిలిచాడు. ఆ వాలు కట్టిన తెలివి ఎక్కడిదని మెచ్చుకుంటూ అడిగాడు:

"చదువుకున్నావా తమ్ముడూ?"

"బి.ఇ. మెకానికల్ సార్."

"అట్లయితే మోటారు వేసేది వస్తుంది."

సంగతి ఏమిటంటే కింద మోటారు పక్కన వాచ్‌మన్ గది ఉంది. వెనకవైపు కాంపౌండు గోడకి ఆనుకుని ఖాళీ ఉంది, అక్కడ రేకులు వేసుకుని మల్లిని కట్టుకోవచ్చు. ఇళ్ళు చూడటానికి వచ్చేవాళ్ళకి మల్లి కనబడాలి. పొద్దునా సాయంత్రం ట్యాంకుకి నీళ్ళు ఎక్కించాలి, గేటు తీయాలి, వేయాలి. మోటారు వేయడానికి బి.ఇ. చదివినవాడు దొరకడం తన అదృష్టమని సదాశివం నిజంగానే సంతోషపడ్డాడు. అత్త ఒక్కటే అడిగింది, ఇది పర్మనెంటా అని. ఇళ్ళన్నీ నిండేదాకా అన్నాడు. నిండినాక అని అడిగితే నవ్వాడు. ఆ నవ్వు మాకు కొత్త కాదు.

నా మొగుడు నా దగ్గరికి వచ్చాడు. ఒళ్ళంతా ఇసుక, చేతుల్లో ఇంకా దూడ. వాచ్‌మన్ అనే మాట నోట్లోంచి రాక మింగుతున్నాడు. స్నేహితులు అందరూ ఒక్కసారిగా తమ తమ ఫోన్లలో ఏదో వెతుక్కుంటున్నారు.

"గేటు కాడ నిలబడేదా సత్యా, దానికా నేను చదివినాను?"

"హోసూర్లో గేటు నీకు తెరుచుకోలేదు. ఈడ తెరిచేది నువ్వే. ఊ అను మోని నాయనా. మల్లి ఉంటాది, పాప పాలు తాగతాది."

ఆయన దూడని కింద దించాడు. కాసేపు దాని మెడ నిమిరాడు. వెళ్ళి ఊ అన్నాడు. కలైసెల్వికి ఆ గదులు వద్దని నేనే ఫోన్ చేసి చెప్పాను. ఆమె చాలా బాధపడి, మేము రాకపోయినా తన మేనల్లుడి కొత్త ఇంటికి ఆవుని తప్పకుండా పంపమంది.

ఇప్పుడు మేము ఇక్కడే ఉన్నాం. గది చిన్నది, మోటారు తిరిగినప్పుడల్లా గోడలు కూడా తిరుగుతాయి. మోనిషా ఆ చప్పుడుకి నిద్రపోవడం నేర్చుకుంది, చప్పుడు ఆగితే లేచి ఏడుస్తుంది. నా మొగుడు తన పేరు కింద ఫోన్‌లో ఫెసిలిటీ ఇంజనీర్ అని రాసుకున్నాడు. పర్మనెంట్‌కంటే అదే నయం, ఎవరూ ఇవ్వక్కర్లేదు, ఎవరూ తీయలేరు. టీకొట్టు ఇంజనీర్లలో ఇద్దరు దీని మీద కొత్త ప్లాన్ వేశారు. మూపురం ఉన్న ఆవు కోసం చుట్టుపక్కల ఊళ్ళన్నీ గాలిస్తున్నారు. సుగన్య వాళ్ళు బెంగళూరు వెళ్ళిపోయారు. తాళంచెవి నా దగ్గరే ఉంది. వారానికోసారి ఆ ఇల్లు ఊడ్చి, దీపం పెట్టి, వీడియో తీసి పంపుతాను. ఆమె అక్కడి ఇరుకు గదిలో కూర్చుని తన హాలు చూసుకుంటుంది. గోడ మీద మల్లి ఫోటో తగిలించమంటే తగిలించాను. ఆ ఇంట్లో మేకు కొట్టొద్దనేవాళ్ళెవరూ లేరు. మెట్ల దగ్గర బొగ్గుగీతలకి మాత్రం సదాశివం రంగు వేయించలేదు, ఆవు దిగిన చోటని వచ్చినవాళ్ళకి చూపిస్తాడు.

లక్ష్మి ఉన్న కట్టడమని ఇళ్ళు అమ్ముడవుతున్నాయి. అదే నా కొత్త భయం. ఒక్కో ఇంట్లో దీపం వెలిగేకొద్దీ మా గది ఆయువు ఒక్కో పిసరు తగ్గుతుంది. ఆ దీపం వెలిగించే పని కూడా మాదే. మొన్న రెండో అంతస్తులో గృహప్రవేశం జరిగింది. మెట్ల మీద ఆయన వాలు సిద్ధం చేసి ఉంచాడు. అయ్యరు తొందరపెడుతున్నాడు, ముహూర్తం దాటిపోతుందని ఇంటివాళ్ళు తమిళంలో పిలుస్తున్నారు. మల్లి నా గొంతు కోసం చెవులు నిక్కించి నిలబడింది. నేను దాని మూపురం మీద చెయ్యి వేసి, వాళ్ళెవరికీ అర్థంకాని మా ఇంటి మాటలో, "తొందరేం లేదు తల్లీ, నిదానంగా పోదాం" అన్నాను.

మల్లి నా మాట ఎప్పుడూ వింటుంది. నిదానంగానే ఎక్కింది.